సైరన్ మోగితే మిర్చి బజ్జీ

గని ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సు పిల్లలు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతారు, కాసేపు అవీ ఇవీ మాట్లాడతారు, పోయేముందు చెప్పుల్లో కాళ్ళు పెడుతూ అడుగుతారు: "సిస్టరమ్మా, పెద్ద యాక్సిడెంటు వస్తే మీకు భయం కాలేదా? మనసు ఎట్ల గట్టి చేసుకుంటిరి?"

నేను గట్టి చేసుకోలేదు. ఇన్నేళ్ళ సర్వీసులో నా మనసు ఎన్నడూ గట్టిపడలేదు. డ్రెస్సింగ్ రూముకు గడియ వేసుకుని ఏడ్చిన రోజులున్నాయి. రక్తం చూసి అన్నం ముట్టని రోజులున్నాయి. మనసు గట్టి చేసుకోండి అని ఉపదేశాలు చేసేవాళ్ళను మాత్రం చాలామందిని చూశాను. వాళ్ళలో ఒక్కరి చొక్కాకూ రక్తం మరక అంటి ఉండదు. అందుకే ఇది రాస్తున్నాను. ఆపదకు మనసును సిద్ధం చేస్తామని మా గనిలో ఏమేం చేశారో చెబుతాను. ప్రమోషన్లు, సన్మానాలు ఇందులో ఉండవు. సన్మానాల్లో కప్పిన శాలువాలు బీరువాలో ఉన్నాయి, చలికాలంలో పనికొస్తున్నాయి.

మాది బళ్ళారి పక్కన సంగనకల్లు. నాయన కొండ దగ్గర బండలు కొట్టేవాడు, అమ్మ కూలికి పోయేది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, నర్సింగు స్కూల్లో ఇంగ్లీషు. మూడూ కలిపి మాట్లాడకపోతే మా బళ్ళారివాళ్ళకు మాట్లాడినట్టే ఉండదు. నేను పనిచేసింది సండూరు కొండల్లో ఒక ప్రైవేటు ఇనుపరాయి గనిలో. దోణిమలై ప్రభుత్వ గని అంటే అందరికీ తెలుసు. మాది అది కాదు, పేరు చెప్పి ప్రయోజనమూ లేదు. పొద్దున తెల్లగా ఉన్న నా చీర సాయంత్రానికి ఇటుక రంగు తిరిగేది. నాలుగైదు మంచాల ఆసుపత్రి, ఒక డాక్టరు, ఒక అంబులెన్సు. పెద్ద దెబ్బ తగిలితే బళ్ళారికి పంపాల్సిందే.

బెలూన్ల పాఠం

మా సేఫ్టీ ఆఫీసరును అందరూ మైకు సారు అనేవాళ్ళు. ఎవరి వేలు నలిగినా ఆయన ముందు మైకు కోసం వెతికేవాడు, తర్వాత ఫోటోలు తీసేవాడి కోసం వెతికేవాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే మేం జాగ్రత్తగా ఉండేవాళ్ళం.

ఒక ఏడాది ఆయన బెంగళూరు నుంచి ఒక శిక్షకుణ్ణి పిలిపించాడు. ఆపత్కాలంలో మానసిక సంసిద్ధత అని బ్యానరు కట్టారు. క్యాంటీన్ హాల్లో అందర్నీ కూర్చోబెట్టి ఆ శిక్షకుడు కళ్ళు మూసుకోమన్నాడు, సముద్రం ఒడ్డున నడుస్తున్నట్టు ఊహించుకోమన్నాడు. షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు కళ్ళు మూసుకున్న వెంటనే నిద్రపోయారు. వాళ్ళలో సముద్రాన్ని చూసినవాళ్ళు ఎందరో ఆ దేవుడికే తెలియాలి. తర్వాత తలా ఒక బెలూను ఇచ్చి, మీ భయాన్ని దీని మీద రాసి పగలగొట్టండి, పోతుంది అన్నాడు. సగం మంది మేనేజరు పేరు రాశారు, మిగిలినవాళ్ళు పెళ్ళాం పేరు రాశారు.

హాలంతా ఫట్ ఫట్‌మని మోత. వెనక వరుసలో ఒక డంపర్ డ్రైవరు ఉన్నాడు. అంతకు ముందు వానాకాలంలో బ్లాస్టింగు రాళ్ళు వచ్చి అతని క్యాబిన్ మీద పడ్డాయి, ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ చప్పుళ్ళకు అతను బల్ల కింద దూరి రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. శిక్షకుడు అటు చూపించి, "ఎంత బాగా లీనమయ్యాడో చూడండి" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను పోయి బల్ల కింద అతని పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. పైన గ్రూపు ఫోటో తీసుకుంటున్నారు, మేమిద్దరం కిందనే ఉన్నాం.

ఆ డ్రైవరుకు కావలసింది వారానికొకసారి పక్కన కూర్చుని, రాత్రి నిద్ర పడుతోందా అని అడిగే ఒక మనిషి. దానికి బెంగళూరు నుంచి ఎవరూ రానక్కర్లేదు. ఆ మాట మైకు సారుతో అంటే ఆయన, "అది మెడికల్ సబ్జెక్టు సిస్టర్, ఇది మెంటల్ సబ్జెక్టు" అన్నాడు. రెండింటికీ తేడా ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

వణికే చేతులు

నాకు నిజంగా నేర్పినవాడు మా మొదటి పెద్ద డాక్టరు. మంచిగా మాట్లాడటం ఆయనకు చేతకాదు. మా పేర్లు నేర్చుకోలేదు, అందరం ఆయనకు 'ఏయ్'లమే. కోపం వస్తే ట్రే విసిరేవాడు, అది తగిలినవాళ్ళకు ఆయనే కట్టు కట్టేవాడు. ఇప్పటి పిల్లలైతే కంప్లయింటు ఇస్తారు, ఇవ్వాలి కూడా.

నేను చేరిన కొత్తలో ఆయన ఒక ఖాళీ మంచం చూపించి అడిగాడు. "ఈ మంచం మీద మీ తమ్ముడు పడుంటే ఏం చేస్తావు?"

"అందరికీ చేసినట్టే చేస్తాను సార్."

"అబద్ధం. వణుకుతావు. వణికే చేత్తో కట్టు కట్టడం నేర్చుకో. వణుకు ఎట్లా పోతుందని నన్ను అడగొద్దు, అది పోదు."

ఆయన పద్ధతి మొరటుది. మేం కట్టు కడుతుంటే పక్కన నిలబడి అరిచేవాడు, పళ్ళేలు కొట్టేవాడు, పేషెంటు అన్నలాగా మా జబ్బ పట్టి లాగేవాడు. సైరన్ వినబడితే ఫోను ఎవరు చెయ్యాలి, ఇంటివాళ్ళను ఎవరు ఆపాలి, మనిషి తల దగ్గర ఎవరు నిలబడాలి, అన్నీ ముందే తేల్చి పెట్టేవాడు. తల దగ్గర నిలబడే మనిషి ఇంకే పనీ చేయకూడదు, మాట్లాడుతూ ఉండాలి, అంతే. గనిలో అందరూ అందరికీ తెలిసినవాళ్ళే. పొద్దున మీకు పాలు పోసినవాడే సాయంత్రం స్ట్రెచర్ మీద వస్తాడు. అది ముందే ఒప్పుకోవాలని ఆయన పోరు.

ఇంకొకటి చెప్పేవాడు. అరిచేవాడికి ఊపిరి ఉంది, అరవనివాడి దగ్గరకు ముందు పొండి అని. మా మైకు సారు వచ్చేనాటికి ఆయన రిటైరై వెళ్ళిపోయాడు. ఆయన ఉండింటే బెలూన్లు హాలు గడప దాటేవి కావు.

చిన్న దెబ్బ

మా గనుల్లో ఒక ఆచారం ఉంది. మనిషి పోతే ఇంటికి ఫోను చేసి, "ఏమీ లేదమ్మా, చిన్న దెబ్బ, ఆధార్ కార్డు తీసుకుని రా" అంటారు. దాన్ని దయ అనుకుంటారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, మేనేజర్లు మారినా ఆచారం మారలేదు. నిజం చెబితే దారిలో ఏమైనా అవుతుందని సాకు. అసలు సంగతి, చెప్పే ధైర్యం చాలదు. ఎదుటివాళ్ళ ఏడుపు తమ చెవిన పడకుండా ఉంటే చాలు వాళ్ళకు.

బండ్రి దగ్గరి ఒక పల్లె నుంచి ఒకామె అట్లాగే వచ్చింది. మొగుడు క్రషర్ దగ్గర పోయాడు. చిన్న దెబ్బ అని చెప్పారు కదా, ఆమె క్యారియర్‌లో చిత్రాన్నం కట్టుకొచ్చింది. తోడుగా పక్కింటి సుంకమ్మ వచ్చింది. చాపలో చుట్టిన మనిషిని చూసి ఆమె క్యారియర్ కింద పెట్టడం కూడా మరిచిపోయింది. సుంకమ్మే చేతిలోంచి మెల్లగా తీసుకుంది. అప్పుడు సుంకమ్మ నా వైపు చూసిన చూపులో తిట్టు లేదు, ఏడుపు లేదు. మీ మాట ఇంక నమ్మేది లేదు అని ఉంది.

ఆ సుంకమ్మ మా ఈరన్న పెళ్ళాం. ఇంక ఈరన్న సంగతి చెప్పాలి.

ఈరన్న వేషం

ఈరన్న వాటర్ ట్యాంకర్ డ్రైవరు. గని దారుల్లో దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లడం అతని పని. ఊళ్ళో బయలాట, అదే వీధి నాటకం, ఆడేటప్పుడు రాక్షస వేషం కడతాడు. గొంతు విప్పితే అవతలి వీధి వాళ్ళు లేచి కూర్చుంటారు.

ఏడాదికొకసారి సేఫ్టీ వారం చేస్తారు. అందులో మాక్ డ్రిల్ ఒకటి. యాక్సిడెంటు జరిగినట్టు నటించాలి, అందరూ వచ్చి కాపాడినట్టు నటించాలి. పేషెంటుగా ఎవరు పడుకోవాలన్న ప్రశ్న ఒక్కసారే వచ్చింది, ఆ తర్వాత ప్రతి ఏడూ ఈరన్నే. కుంకుమ నీళ్ళు తల మీద పోసుకుని, "అయ్యయ్యో సత్తెనప్పో, యారాదరూ బర్రో" అని, చచ్చానయ్యో ఎవరైనా రండయ్యో అని కన్నడంలో, అచ్చం బయలాట పద్ధతిలో ఎత్తుకునేవాడు. పై ఆఫీసర్లకు తెలుగు రాదు కాబట్టి కన్నడం. చూసేవాళ్ళు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకునేవాళ్ళు. నేనూ నవ్వినదాన్నే.

డ్రిల్ అయ్యాక వర్క్‌షాపు పక్క షెడ్డులో మిర్చి బజ్జీలు, మరమరాలకు తాలింపు పెట్టిన ఒగ్గరణ మండక్కి, టీ. బాణలి వేడెక్కాక గాని సైరన్ మోగించేవాళ్ళు కారు. చల్లారితే పెద్దవాళ్ళు తినరని మైకు సారు పట్టుదల. అట్లా ఏళ్ళ తరబడి జరిగేసరికి గనిలో సైరన్ వినబడితే జనానికి నోట్లో నీళ్ళూరేవి. షిఫ్టులో ఉన్నవాళ్ళు కూడా చేతిలో పని వదిలేసి షెడ్డు వైపు నడిచేవాళ్ళు. మైకు సారు దాన్ని తన రిపోర్టులో సిబ్బంది చురుకైన స్పందన అని రాసుకునేవాడు.

మనిషి ఒళ్ళు అలవాటును బట్టి నడుస్తుంది, ఉపన్యాసాన్ని బట్టి కాదు. మీరు దేన్ని చేయించి చేయించి అలవాటు చేస్తే ఆపద రోజున అదే చేస్తుంది. మేం మా వాళ్ళకు ప్రతి ఏడూ శ్రద్ధగా, ఖర్చు పెట్టి, సైరన్ మోగితే నవ్వడం, చప్పట్లు కొట్టడం, ప్లేటు పట్టుకోవడం నేర్పించాం.

కట్టె ముక్క

ఆ ఏడాది డ్రిల్లు కథ మారింది. మనిషి బండి కింద పడ్డట్టు చేద్దామన్నాడు మైకు సారు. ఈరన్న తన ట్యాంకరునే తెచ్చి వర్క్‌షాపు ముందు వాలు మీద ఆపాడు. నిండా నీళ్ళున్నాయి. వెనక చక్రం కింద అడ్డంగా కట్టె ముక్క పెట్టి, దాని పక్కన పడుకున్నాడు.

ఫోటో తీసేవాడు వచ్చి చూశాడు. మైకు సారూ చూశాడు. ఆయనకు కట్టె ముక్క నచ్చలేదు. యాక్సిడెంటు జరిగిన బండికి అడ్డుకట్టె ఎందుకుంటుంది, ఫోటోలో కనిపిస్తే నకిలీ అని తెలిసిపోతుంది అన్నాడు. తీయమన్నాడు. ఒకడు తీశాడు.

"సార్, హ్యాండ్ బ్రేకు అంత బాగలేదు" అని ఈరన్న పడుకునే చెప్పాడు. నాకు వినబడింది, నా పక్కవాళ్ళకు వినబడింది. మైకు సారుకు వినబడలేదు, ఎందుకంటే ఆయన అప్పటికే మైకులో ముఖ్య అతిథికి స్వాగతం చెబుతున్నాడు.

సైరన్ మోగింది. నీళ్ళ బరువుకు ట్యాంకరు మెల్లగా వెనక్కి కదిలింది. ఎంత మెల్లగా అంటే, చూస్తున్నవాళ్ళకు అదీ ఆటలో భాగమే అనిపించింది. చక్రం ఈరన్న కాలి మీదికెక్కి ఆగింది.

ఈరన్న అరిచాడు. జనం చప్పట్లు కొట్టారు.

మేం మెడికల్ వాళ్ళం చుట్టూ కట్టిన తాడు అవతల నిలబడి ఉన్నాం. ముందు ఫైర్ టీము, తర్వాత రెస్క్యూ టీము, ఆ తర్వాతే మేం పోవాలి. అది వరస. మైకు సారు పచ్చ జెండా ఊపితే గాని తాడు దాటకూడదు. నా వెనక ఫిట్టరు ఒకడు పక్కవాడితో అంటున్నాడు, "ఏంది ఈ తూరి తెలుగులో ఎత్తుకున్యాడు?"

అప్పుడు విన్నాను. నిజమే, తెలుగు. "అమ్మా, నా కాలు, నా కాలు పోతాండాదే" అంటున్నాడు. ప్రతి ఏడూ అతను కన్నడంలో చచ్చేవాడు. వేషానికి కన్నడం. నొప్పికి ఎవరైనా ఇంట్లో మాటే ఎత్తుకుంటారు. నేను తాడు దాటాను.

"సిస్టర్, నిమ్మ టర్న్ ఇన్నూ బందిల్ల" అని మైకులో వినబడింది. నా వంతు ఇంకా రాలేదట. నేను ఆగలేదు. "బిడ్రీ సిస్టర్, చెన్నాగి మాడ్తిద్దానె" అన్నాడు మళ్ళీ. బాగా చేస్తున్నాడు, వదిలేయండి అని. మేనేజరు కుర్చీలో కూర్చుని నవ్వుతూ తల ఊపుతున్నాడు.

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఈరన్న నా మణికట్టు పట్టుకున్నాడు. "నిజంగానే సిస్టరమ్మా. నిజంగానేమ్మా" అన్నాడు. ఆ మాట అనాల్సి వచ్చింది చూడండి. చక్రం కింద కాలు పెట్టుకున్న మనిషి అది నిజమని సాక్ష్యం చెప్పుకోవాల్సి వచ్చింది. ఇప్పటికీ తలచుకుంటే నా ఒళ్ళు మండుతుంది.

నేను లేచి, నిజంగా యాక్సిడెంటు అయ్యింది రండి అని గొంతు చించుకుని అరిచాను. జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. సిస్టరమ్మ కూడా వేషం కట్టిందనుకున్నారు. సైరన్ మోగించండి అందామంటే అది అప్పటికే మోగుతోంది. ఇది నిజం అని చెప్పడానికి మా దగ్గర ఇంకో సైరన్ లేదు.

కాసేపటికి ఈరన్న అరవడం ఆపేశాడు. ముఖం పాలిపోయింది. అరుపు ఆగేసరికి జనం ఆట అయిపోయిందనుకున్నారు. షెడ్డు వైపు నడిచారు.

చివరికి నేను మైకు సారు దగ్గరకు పోయి, ఎర్రగా తడిసిన నా రెండు చేతులూ ఆయన చొక్కాకు తుడిచాను. కుంకుమ నీళ్ళకు వాసన ఉండదు. ఆయన వాసన చూశాడు, ఆ తర్వాత ఆయన చేతిలో మైకు కింద పడింది. ఏళ్ళ తరబడి ఆపద గురించి ఉపన్యాసాలిచ్చిన మనిషి అట్లాగే నిలబడిపోయాడు. పక్కకు జరపాల్సి వచ్చింది.

ట్యాంకరు ముందుకు జరపాలి. డ్రైవరు ఎక్కడ? చక్రం కింద ఉన్నాడు. తాళం? "నా జోబులో ఉండాది" అని ఈరన్నే చెప్పాడు, కళ్ళు తెరవకుండా. ఆ ఫిట్టరు తాళం తీసి బండి జరిపాడు. నేను స్ట్రెచర్ పట్టీ తీసి తొడకు బిగించాను. నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. వణుకుతూనే కట్టాను, పెద్ద డాక్టరు నేర్పింది అదే కదా. అంబులెన్సు అతిథుల కార్ల వెనక ఇరుక్కుపోయి ఉంది. వెనక తలుపు తీస్తే నీళ్ళ బాటిళ్ళ కేసులు, బహుమతుల పెట్టెలు. అంబులెన్సు డ్రైవరు బజ్జీల వరసలో ఉన్నాడు, ప్లేటు చేతిలో పెట్టుకునే పరిగెత్తుకొచ్చాడు.

నమ్మని మనిషి

సుంకమ్మకు ఎవరు చెప్పాలి? ఆఫీసులో గుమాస్తా అప్పటికే ఫోను తీశాడు. "చిన్న దెబ్బ" అనబోయాడు. నేను లాక్కున్నాను.

"సుంకమ్మా, నేను సిస్టరమ్మను. ఈరన్న కాలు ట్యాంకరు కింద నలిగింది. కాలు దక్కుతుందో లేదో తెలియదు. ప్రాణం ఉంది. బళ్ళారికి తీసుకుపోతున్నాం. నేను బండిలో అతని పక్కనే ఉంటాను."

ఆమె బండ్రి దగ్గర మిరప చేలో కూలికి ఉంది. "సిస్టరమ్మా, నువ్వు గూడా అట్లే చెప్తాండావా" అని ఫోను పెట్టేసింది.

బళ్ళారి ఆసుపత్రికి ఆమె వచ్చేసరికి వెంట ఊళ్ళోవాళ్ళున్నారు. ఊళ్ళో చితికి కట్టెలు కూడా చూసి పెట్టారట. వార్డు గుమ్మం ముందు ఆగిపోయి నన్ను అడిగింది.

"శవం యాడుండాది?"

"శవం లేదు. మనిషి ఉన్నాడు. లోపలికి రా."

"నాకు చెప్పొద్దు. ఆ యమ్మకు గూడా చిన్న దెబ్బ అంటిరి."

నేను చెయ్యి పట్టి లాక్కుపోయాను. ఆపరేషన్ అయి ఈరన్న మత్తులో ఉన్నాడు. ఆమె అతని ముక్కు కింద వేలు పెట్టింది. ఛాతీ మీద చెయ్యి పెట్టింది. దుప్పటి మీదుగానే ఉన్న కాలు తడిమింది, తర్వాత లేని కాలి చోటు తడిమింది. అప్పుడు గాని ఏడవలేదు. "ఉండాడు" అని ఊళ్ళోవాళ్ళకు చెప్పి, గోడకానుకుని కూర్చుని ఏడ్చింది.

ఇంకొంచెం ముందు వచ్చి ఉంటే కాలు నిలిపే ప్రయత్నం చేసేవాళ్ళమని అక్కడి డాక్టరు అన్నాడు. ఆ ఇంకొంచెం ఎక్కడ పోయిందో నాకు తెలుసు. చప్పట్లలో పోయింది.

దయ పేరుతో అబద్ధం చెప్పకండి, పిల్లలూ. మీరు ఒకసారి చెప్పిన అబద్ధం ఇంకొకరి ఇంట్లో బతికున్న మనిషికి కట్టెలు పేర్పిస్తుంది. నిజం చెప్పండి, చెప్పి పక్కన నిలబడండి. ఫోను పెట్టేసి పారిపోయేవాళ్ళు ఈ ఉద్యోగానికి పనికిరారు.

మళ్ళీ సైరన్

ఈరన్నను గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. వచ్చే పోయే బండ్లకు గేటు అడ్డకర్ర ఎత్తడం, దించడం. చంకకర్రల మీద నడుస్తాడు. బయలాట మానేశాడు.

తర్వాతి సేఫ్టీ వారానికి మైకు సారుకు మైకు మళ్ళీ దొరికింది. ఏదో విచారణ జరిగిందన్నారు, హ్యాండ్ బ్రేకు మీద తప్పు వేసి ముగించారు. ఆయన నా దగ్గరకు వచ్చి మెల్లగా అన్నాడు, "సిస్టర్, ఈ సారి కూడా ఈరన్నను పడుకోబెడితే? కాలు లేదు కదా, చాలా రియలిస్టిక్‌గా ఉంటుంది."

నేను ఆయన్ను ఏం తిట్టానో ఇక్కడ రాయలేను. ఆ ఏడాదే నా రిటైర్మెంటు, నాకు పోయేదేమీ లేదు. ఈరన్న ఒప్పుకోడనుకున్నాను. ఒప్పుకున్నాడు. గేటు దగ్గరకు పోయి అడిగాను. "నీకేమన్నా పిచ్చా, ఈరన్నా? ఏటికి ఒప్పుకుంటివి?"

"ఒక తూరి సూడాలని ఉండాది సిస్టరమ్మా" అన్నాడు. ఏం చూడాలో చెప్పలేదు. సుంకమ్మ మాత్రం నేనూ వస్తానని పట్టుబట్టి కూలి మానుకుని వచ్చింది, తాడు పక్కన నా దగ్గరే నిలబడింది.

అదే వర్క్‌షాపు, అదే షెడ్డు, బాణలిలో నూనె కాగుతోంది. ట్యాంకరు మాత్రం తేలేదు, ఆ మాత్రం సిగ్గుంది. ఈరన్న చంకకర్రలు పక్కన పెట్టి నేల మీద పడుకున్నాడు. సైరన్ మోగింది.

ఈరన్న అరవలేదు.

జనం చూశారు. ఫైర్ టీము కదల్లేదు, రెస్క్యూ టీము కదల్లేదు. ఈరన్న అరిచాకే మైకు సారు జెండా ఊపేది, ఏళ్ళుగా అదే అలవాటు. మైకు సారు గొంతు సవరించుకుని, "ఈరన్నా, స్టార్ట్ మాడప్పా" అన్నాడు, మొదలుపెట్టమని. ఈరన్న కళ్ళు మూసుకుని అట్లాగే పడి ఉన్నాడు. మరిచిపోయాడేమో అని ఎవరో అన్నారు. ఎవరో నవ్వారు. కొందరు షెడ్డు వైపు చూశారు.

మా దగ్గర కొత్తగా చేరిన రేణుక అనే పిల్ల తాడు దాటింది. నేను చెప్పలేదు. పెద్ద డాక్టరు మాట ఒకసారి ఎప్పుడో ఆ పిల్లకు చెప్పి ఉంటాను, అంతే. పరిగెత్తి పోయి ఈరన్న పక్కన కూర్చుంది. మెడ మీద వేళ్ళు పెట్టి, "అన్నా, అన్నా, వినిపిస్తాండాదా" అని అడిగింది. మైకులో ఆ పిల్లకూ వంతు రాలేదని వినబడింది. ఆ పిల్ల తల కూడా తిప్పలేదు.

ఈరన్న కళ్ళు తెరిచాడు. "ఏమీ కాలేదు తల్లీ. ఆ పొద్దు అరిసినా సిస్టరమ్మ తప్ప ఎవరూ రాల్యా. అరవకుంటే ఎవరన్నా వస్తారేమో సూద్దామని పండుకొనుండా. నువ్వొచ్చినావు, సాలు."

గొంతు పెద్దది కదా, మెల్లగా అన్నా అందరికీ వినబడింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. అప్పటికే ప్లేట్లు అందుకున్నవాళ్ళు వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకుని నిలబడ్డారు.

సుంకమ్మ తాడు ఎత్తి లోపలికి పోయింది. చంకకర్రలు తీసి మొగుడికి అందించింది, రేణుకా ఆమే చెరో పక్క పట్టి లేపారు. లేపాక సుంకమ్మ తిన్నగా మైకు సారు ముందుకు నడిచింది. ఆయన అంత దగ్గరగా ఆమెను ఎప్పుడూ చూసి ఉండడు, రెండడుగులు వెనక్కి వేశాడు.

"సార్, వచ్చే యాడాది మా ఆయప్ప పండుకోడు" అంది సుంకమ్మ. "ఆడ నువ్వు పండుకో సార్. మైకు మా ఆయప్ప పట్టుకుంటాడు."

మైకు ఆన్‌లోనే ఉంది. ఆమె మాట షెడ్డు దాటి, క్రషర్ దాటి, కొండ మీద డంపర్లు తోలుతున్నవాళ్ళ దాకా వినబడింది.